అప్పగింతనాటి లెక్క

వచ్చు జూలై 31వ తేదీ సాయంకాలముతో నా ఉద్యోగకాలము ముగియును. ఉప్పలు రోడ్డుననున్న ఒక ప్రభుత్వ సంస్థకు అధిపతిగా నేడు పనిచేయుచున్నాను. గుమాస్తా బల్ల మొదలుకొని ఈ గది వరకు వచ్చుటకు మూడు దశాబ్దములు దాటినవి. విరమణ అనునది ప్రతి ఉద్యోగికిని వచ్చునదే. అందు విశేషమేమియు లేదు. కాని ఆ దినము సమీపించిన కొలది ఒక ప్రశ్న నన్ను నిలువనీయకున్నది. ఇన్నేండ్లలో జరిగిన పనిలో నాది అని చెప్పదగినది ఎంత? నాది కాదని విడువదగినది ఎంత? ఇది నా ఒక్కని ప్రశ్న కాదు. కోడలి చేతికి ఇంటి తాళములిచ్చు అత్తగారికిని, కుమారునకు వ్యాపారమప్పగించు తండ్రికిని, పదవీకాలము ముగిసిన ఆలయ ధర్మకర్తకును ఇదియే ప్రశ్న. అందువలన దీనిని పాఠక మహాశయుల యెదుట ఉంచుచున్నాను.

నా నివాసము నాచారము. ఈ ప్రాంతమున ఉదయము నడకకు బయలుదేరినచో అడుగడుగునకు విశ్రాంత ఉద్యోగులు ఎదురగుదురు. 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1977లో ఆరంభమైన సీసీఎంబీ, ఉప్పలునందలి సర్వే ఆఫ్ ఇండియా ప్రాంగణము, నాచారము పారిశ్రామికవాడ – వీనియందు జీవితమును గడపినవారెందరో ఈ కాలనీలలోనే ఇండ్లు కట్టుకొని స్థిరపడిరి. ఒకరు భూగర్భమును పరిశోధించినవారు, ఒకరు దేశమునకు పటములు గీసినవారు, ఒకరు యంత్రము ముందర ముప్పదియేండ్లు నిలుచుండినవారు. నేడు అందరి చేతను పాలపొట్లము, కూరల సంచి. వారిలో కొందరు తమ కార్యాలయమును గూర్చి యెత్తిన వెంటనే ముఖము వికసించి, తామున్ననాటి వైభవమును చెప్పుదురు. కొందరు తమ తరువాత వచ్చినవాడు అంతయు చెడగొట్టెనని నిట్టూర్చుదురు. మరికొందరు ఆ మాటయే యెత్తరు. వీరిలో నేను ఎవరి పక్కన నడువబోవుచున్నానో అని అప్పుడప్పుడు అనిపించును.

విరమణ వయస్సు శాస్త్రము నిర్ణయించినది కాదు. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 58 ఏండ్ల పరిమితిని 55కు తగ్గించినప్పుడు వేలాది ఉద్యోగులు ఒక్కమారుగా ఇంటికి పోవలసివచ్చెను. అటుపిమ్మట అది మరల 58 అయినది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 అయినది. మన తెలంగాణలో 2021లో 61 అయినది. ఒక ఉత్తర్వుతో ముందుకును, ఒక ఉత్తర్వుతో వెనుకకును జరుగు గీత ఇది. కుర్చీ మనది కాదని తెలియుటకు వేదాంతము దాకా పోనక్కరలేదు. ఒక జీవో చాలును. కాని కుర్చీ మనది కానప్పుడు, దానిలో కూర్చుండి చేసిన పని ఎవరిది? ఇచ్చట మాత్రము వేదాంతము కావలసివచ్చుచున్నది.

తాళపుచెవుల గుత్తి

తిరుమలలో ప్రతిదినము తోమాలసేవ అనంతరము కొలువు జరుగును. స్నపనమండపమున కొలువు శ్రీనివాసమూర్తి ఆసీనుడై యుండగా ఆనాటి తిథి వార నక్షత్రములను విన్నవించెదరు. పిదప ముందుదినము హుండీయందు చేరిన ఆదాయమును చదివి వినిపించెదరు. సర్వజ్ఞునకు లెక్క చెప్పుట యెందులకు? ఆయనకు తెలియదని కాదు గదా. ఆ ధనమునకు తాను స్వామి కాడని చెప్పువానికి ప్రతి ఉదయము జ్ఞప్తికి వచ్చుటకు అని నేను తలంచుచున్నాను.

సంవత్సరమున కొకమారు జరుగు ఆణివార ఆస్థానము ఇంతకంటె పెద్ద అప్పగింత. జూలై నెల నడుమ, దక్షిణాయన పుణ్యకాలమున, ఉభయ నాంచారులతో మలయప్పస్వామి బంగారువాకిలి యెదుట వేంచేసియుండగా ఈ ఆస్థానము జరుగును. దేవస్థానపు తాళపుచెవుల గుత్తిని పెద్దజీయరు స్వామివారి చేతికిని, చిన్నజీయరు స్వామివారి చేతికిని, దేవస్థానము పక్షమున కార్యనిర్వహణాధికారి చేతికిని వరుసగా తగిలించి, హారతి చందన తాంబూలాది మర్యాదలు జరిపి, తుదకు ఆ గుత్తిని శ్రీవారి పాదములకడ ఉంచుదురు. 1843 నుండి 1933 వరకు ఆలయ నిర్వహణము హాథీరాంజీ మఠపు మహంతుల అధీనమున ఉండెను. ఆ కాలమున వార్షికపు లెక్కలు ఈనాటినుండియే ఆరంభమగుచుండెను. నేడు లెక్కల సంవత్సరము ఏప్రిల్ నెలకు మారినది. ఆస్థానము మాత్రము ఆగలేదు.

ఆ గుత్తి ఒక్కొక్కరి చేత నుండునది కొన్ని క్షణములే. పిదప అది స్వామి పాదములకు చేరును. చేత నున్నంతవరకు దానికి మర్యాద కలదు, హారతి కలదు. ఆ మర్యాద చేతికా, గుత్తికా, గుత్తి ఎవరిదో ఆ స్వామికా అని ఆలోచించినవానికి ఉద్యోగ ధర్మమంతయు అచ్చట కన్పట్టును. నా ముప్పది చిల్లర సంవత్సరములును ఆ కొన్ని క్షణముల వంటివే. ఈసారి ఆణివార ఆస్థానమునకు పక్షము దినముల పిదప నా చేతి గుత్తి దిగును.

నందిగ్రామము చెప్పిన లెక్క

మన వాఙ్మయమున ఉద్యోగపు అప్పగింతను సాంగముగా జరిపినవాడు భరతుడు. పదునాలుగేండ్లు రాజ్యము నడపెను. ఒక్కనాడును సింహాసనముపై కూర్చుండలేదు. నారచీరలు కట్టి, జటలు దాల్చి నందిగ్రామమున నివసించి, పాదుకలకు ఛత్రము పట్టించి, వచ్చిన కానుకలను వానికే సమర్పించి, ప్రతి కార్యమును వానికి నివేదించి నడపెను. శ్రీరాముడు తిరిగివచ్చిన నాడు ఆ పాదుకలను తన చేతులతో స్వామి పాదములకు తొడిగి, న్యాసముగా నుంచిన రాజ్యమును తిరిగి అప్పగించెను. కోశమును, ధాన్యాగారమును, నగరమును, సైన్యమును పరిశీలింపుమని వేడెను. తాను వానిని పదిరెట్లు చేసితినని, అది స్వామి తేజస్సువలన జరిగినదని వాల్మీకి రామాయణమున భరతుడు విన్నవించును.

ఇచ్చట రెండు విషయములు గమనింపదగినవి. భరతుడు తాను చేయలేదని చెప్పలేదు. తాను చేసిన పనిని కొలతతో సహా చెప్పెను, పరిశీలింపుమనెను. శక్తి మాత్రము తనది కాదనెను. వినయమనగా లెక్క దాచుట కాదని ఆ మహానుభావుడు చూపెను. శ్రీవైష్ణవ పెద్దలు పారతంత్ర్యమునకు భరతుని దృష్టాంతముగా చెప్పుదురు. పరతంత్రుడైన ఆ భరతుని లెక్కలకంటె స్పష్టమైన లెక్కలు మరియెక్కడను లేవు.

ఈ కాలమున ఈ భావమునకు దగ్గరగా నాకు స్ఫురించునది పి.వి.ఆర్.కె. ప్రసాద్ గారి గ్రంథము. వారు 1978 నుండి 1982 వరకు తిరుమల తిరుపతి దేవస్థానముల కార్యనిర్వహణాధికారిగా పనిచేసిరి, 2017లో పరమపదించిరి. తమ తిరుమల అనుభవములను గ్రంథస్థము చేసినప్పుడు దానికి ‘నాహం కర్తా హరిః కర్తా’ అను పేరు నుంచిరి. నేను కర్తను కాను, హరియే కర్త అని అర్థము. మన ఇండ్లలో సంధ్యావందనమునకు గాని, తిరువారాధనమునకు గాని పూనుకొనునపుడు చెప్పుకొను సాత్త్విక త్యాగము యొక్క సారమును ఇదియే. కర్తృత్వమును, మమకారమును, ఫలమును మూడింటిని విడుచుటయే త్యాగమని భగవద్రామానుజులు గీతాభాష్యమున పదునెనిమిదవ అధ్యాయమునకు వ్యాఖ్య చేయుచు చెప్పిరి.

నా విరమణ దినమునకు మా కార్యాలయమువారు ఒక చిన్న సంచిక వేయ సంకల్పించి, నా కాలమున జరిగిన పనుల పట్టికను తయారుచేసి నా యొద్దకు పంపిరి. ప్రతి వాక్యమునను నా పేరుండెను. ఎఱ్ఱసిరా కలము తీసికొని నా పేరు ఒక్కొక్కచోట కొట్టివేయుచు వచ్చితిని. హరియే కర్త అని మనస్సులో అనుకొనుచు, కొంత సంతోషమును పొందితిని. ఆ సంతోషముతోనే తొమ్మిదవ అంశమునకు వచ్చితిని. అందు ఇట్లుండెను: ‘వీరి హయాములో పెన్షను ఫైలు ఒక్కటియును నిలువ లేదు.’ నా కలము అచ్చటనే ఆగినది.

ఒక్క మాట వ్రాసిన ఫైలు

కొన్ని సంవత్సరముల క్రిందట మా అటెండరు ఒకడు ఉద్యోగములో నుండగానే మరణించెను. భార్యకు కుటుంబ పెన్షను రావలసియుండెను. అతని సర్వీసు రిజిస్టరులో ఎప్పటివో కొన్ని నెలల సెలవు నమోదు కాలేదు. ఆ లోపము అతనిది కాదు, కార్యాలయముది. దానిని సరిచేయుటకు నా ఉత్తర్వు కావలెను. ఫైలు నా బల్లమీదికి వచ్చిననాడు నేను తొందరలో ఉంటిని. మార్జినులో ‘చర్చించవలెను’ అని ఒక్క మాట వ్రాసి సంతకము చేసితిని. చర్చ యేమియు జరుగలేదు. నేను మరచితిని. జ్ఞాపకము చేయుటకు క్రిందివారు సంకోచించిరి. ఆ ఫైలు పదునొకండు నెలలు నిలిచిపోయెను. పిదప ఎవరో చూచి కదలించిరి, పెన్షను మంజూరయ్యెను. రావలసిన బకాయియు వచ్చినది. కనుక కాగితము మీద నష్టమేమియు లేదు. తొమ్మిదవ అంశము అబద్ధమని ఏ ఆడిటరును చెప్పజాలడు.

కలము మూసి ఆ కుటుంబము చిరునామా తెప్పించితిని. నాచారములోనే, పారిశ్రామికవాడ వెనుక సందులో, మా ఇంటికి పది నిమిషముల దూరము. ఇన్నేండ్లుగా ఆ దారిన నేను నడుచుచునే యున్నాను. ఒక ఆదివారము మధ్యాహ్నము వెళ్లితిని. ఆమె యొక టిఫిను సెంటరులో పనిచేసి అప్పుడే వచ్చియుండెను. నన్ను గుర్తించి కంగారుపడి కుర్చీ తుడిచి వేసెను. కుశలప్రశ్నలైన పిమ్మట, పెన్షను సక్రమముగా వచ్చుచున్నదా అని అడిగితిని.

“వస్తున్నయి సారూ. లేటయింది గని వచ్చినయి. గని అన్ని నెలలు ఎందుకాగినయో ఎవ్వరు చెప్పలే. మా ఇంటాయన ఆఫీసుల ఏదన్న తప్పు చేసిండేమో, అందుకే ఆపిన్రేమో అని మా బావగారోళ్లు అన్నరు. నేను గూడ అట్లనే అనుకున్న.”

నాకు కొంతసేపు మాట రాలేదు. ఆ పదునొకండు నెలల ఇంటి అద్దెను, తాకట్టుపెట్టిన గాజులను గూర్చి ఆమె చెప్పగా వినుటకు సిద్ధపడియే వెళ్లితిని. ఇది వినుటకు సిద్ధముగా లేను.

“లేదమ్మా. ఆయన తప్పు ఏమీ లేదు. తప్పు నాది. ఫైలు నా బల్ల మీద ఆగింది. నేను మరిచిపోయాను” అంటిని.

ఆమె కోపపడలేదు, ఏడ్వలేదు. కొంగు అంచును చేతికి చుట్టుకొనుచు చాలసేపు నేలవైపు చూచెను. తరువాత అన్నది: “ఆ మాటేదో మా పిలగాండ్ల ముంగట ఒక్కసారి చెప్పుండ్రి సారూ.”

పిల్లలు వచ్చువరకు కూర్చుంటిని. పెద్దవాడు కళాశాలలో చదువుచున్నాడు. చిన్నది పదవ తరగతి. వారి తండ్రి సర్వీసు రిజిస్టరులో మచ్చ లేదని, మచ్చ నాదని వారికి చెప్పితిని. పెద్దవాడు తల ఊపి లోపలికి పోయెను. అతడు నన్ను క్షమించెనో లేదో నాకు తెలియదు. అడుగుటకు నాకు అధికారమును లేదు.

కర్త ఎవరు?

ఆ రాత్రి నేను కొట్టివేసిన పేర్ల పట్టికను మరల చూచితిని. పంటకు హరియే కర్త అని నా పేరు తీసివేసితిని; సరియే. మరి ఈ ఆలస్యమునకును హరియే కర్త అని అనవచ్చునా? అన్ని పనులకును ఆయన అంతర్యామియై యుండగా కొన్నిటికి ఆయనను కర్తయనుట, కొన్నిటికి నేనే కర్తననుట పక్షపాతము కాదా? ఈ ఆక్షేపము తేలికయైనది కాదు. లోకమున చాలమంది దీనిని వేరొక విధముగా ఉపయోగించుకొనుచున్నారు. మేలు జరిగినచో తమ ప్రజ్ఞ. కీడు జరిగినచో దైవసంకల్పము. నేను అట్టివాడను కాననుకొంటిని. కాని పదునొకండు నెలల విషయమున నోరు విప్పకుండుట అదియే గదా.

శ్రీభాష్యమున రెండవ అధ్యాయపు మూడవ పాదమున పరాయత్తాధికరణము అను భాగమున్నది. జీవుని కర్తృత్వము పరమాత్మ అధీనమైనదే అని అందు రామానుజులు నిర్ణయించిరి. అట్లయినచో చేయుము, చేయకుము అని శాస్త్రము చెప్పుట వ్యర్థము కాదా అను శంకకు సమాధానముగా, జీవుడు చేయు మొదటి ప్రయత్నమును చూచియే ఈశ్వరుడు అనుమతి నిచ్చి ముందుకు నడపునని చెప్పి, ఒక లౌకిక దృష్టాంతము నిచ్చిరి. ఇద్దరికి ఉమ్మడియైన ఆస్తిని వారిలో ఒకడు మూడవవానికి ఈయదలచెను. రెండవవాని అనుమతి లేక అది చెల్లదు. అయినను ఆ అనుమతిని సంపాదించినవాడు మొదటివాడే గనుక ఫలము అతనికే చెందును.

కార్యాలయములలో పనిచేసినవారికి ఈ దృష్టాంతము సుబోధము. రెండు సంతకములు లేనిదే చెక్కు చెల్లదు. రెండవ సంతకమున్నదని మొదటి సంతకము చేసినవాడు తప్పించుకొనలేడు. ‘చర్చించవలెను’ అని వ్రాయుటకు చేతికి శక్తి నిచ్చినవాడు ఈశ్వరుడే. కాని ఆ మాట వ్రాసి ఫైలును పక్కకు నెట్టిన మొదటి ప్రయత్నము నాది.

ఇంతకంటె సులభమైన సమాధానము మన పూజాగృహముననే యున్నది. తిరువారాధనము ఆరంభించునపుడు, ముగించునపుడు సాత్త్విక త్యాగము చేసి, ఈ ఆరాధనమును భగవంతుడే తన ప్రీతికొఱకు తానే చేయించుకొనెనని చెప్పుకొందుము. అదే ఆరాధనము ముగింపున, ఉపచారముల పేర జరిగిన అపచారములను క్షమింపుమని వేడుకొందుము. ఆ అపచారములను చేసినదెవరు? అచ్చట పెద్దలు ‘నాచేత’ అనియే చెప్పించిరి. తిరుమలలో సుప్రభాతము వెంట పఠింపబడు వేంకటేశ స్తోత్రపు ముగింపునను, అజ్ఞానినైన నేను చేసిన దోషములన్నిటిని మన్నింపుమనియే ప్రార్థన. ఒకే నోరు, ఒకే పూజ. సేవను స్వామిదన్నది, దోషమును నాదన్నది. దీనిని నేను చిన్ననాటినుండి పఠించుచునే యుంటిని. ఇందు ఒక ధర్మసూక్ష్మమున్నదని అరవై దాటిన పిమ్మట, నాచారములోని ఒక సందులో తెలిసినది.

ఆ సూక్ష్మమేమి? సేవయందు నేను కర్తను కానని చెప్పినచో ఎవరికిని నష్టము లేదు. ఆ ఘనత మోయుటకు స్వామి యున్నాడు. దోషమునందు నేను కర్తను కానని చెప్పినచో, లేక యేమియు చెప్పక ఊరకున్నచో, అది స్వామి మీదికి పోదు. ఎదుటనున్న దుర్బలుని మీద పడును. నా విషయమున అది చనిపోయిన మనిషి మీద పడినది. తన పక్షమున ఒక్క మాట చెప్పుకొనజాలని వాని మీద పడినది. అతని పిల్లలు ఇన్నేండ్లు తండ్రిని గూర్చి ఒక అనుమానముతో పెరిగిరి. పదునొకండు నెలల పెన్షను బకాయితో తీరినది; ఈ బకాయిని మాత్రము ఏ ఖజానా చెల్లింపలేదు.

దశరథ మహారాజు కథ ఇచ్చట స్మరింపదగినది. చీకటిలో శబ్దమును బట్టి బాణము వేసి మునికుమారుని చంపినవాడు, నీటికుండ తీసికొని తానే అంధులైన తల్లిదండ్రుల యొద్దకు పోయెను. అడుగుల చప్పుడు విని కుమారుడే వచ్చెననుకొన్న ఆ వృద్ధునితో, నేను నీ కుమారుడను కాను, దశరథుడను అని చెప్పి జరిగినదంతయు విన్నవించెను. ఈ పాపకార్యమును నీవు స్వయముగా వచ్చి చెప్పనియెడల నీ శిరస్సు శతసహస్రధా పగిలియుండెడిది అని ముని పలికినట్లు వాల్మీకి చెప్పెను. శాపము తప్పలేదు. కాని స్వయముగా చెప్పుటకు ఎంత బలమున్నదో ఆ మాటలో తెలియుచున్నది. రాజు దూతను పంపలేదు, దైవఘటన అనలేదు.

చెల్లుచీటీ

ఇంకొక మాట. భగవంతుని నమ్మినవానికి లెక్కలతో పనియేమి అని కొందరందురు. మన తెలంగాణములోనే దీనికి సమాధానమున్నది. కంచెర్ల గోపన్న తానీషా ప్రభుత్వమున తహశీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాద్రిరామునకు గుడి కట్టించి గోలకొండ చెఱసాలలో మగ్గెను. భక్తులు చెప్పుకొను కథలో రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో వచ్చి ఆరు లక్షల వరహాలు తానీషాకు చెల్లించి, రసీదు వ్రాయించుకొని, దానిని గోపన్న తలదాపున ఉంచి పోయిరి. సంకెళ్లు తెంచుట స్వామికి కష్టమా? తానీషా మనస్సు మార్చుట కష్టమా? అట్లు చేయక రొక్కము చెల్లించి చీటీ తీసికొనెను. తన గుడి కొఱకు వాడిన సొమ్మైనను బాకీ బాకీయే అని, అది తీరవలసినదే అని ఆ చీటీ చెప్పుచున్నది. భక్తునకు శరణాగతి యున్నది గనుక లెక్క అక్కరలేదనుట ఆ చీటీని చింపివేయుటయే.

అందువలన సంచికలోని తొమ్మిదవ అంశమును తీయించితిని. నా స్థానమునకు వచ్చువారికి ఇచ్చు అప్పగింత పత్రమున ఒక జాబితాను చేర్చితిని. ‘చర్చించవలెను’ అని నా చేత వ్రాయబడి చర్చకు నోచుకొనని ఫైళ్లెన్ని యున్నవో వెదకించగా మరి నాలుగు దొరికినవి. వానిలో రెండింటిని నేనే ముగించితిని. మిగిలిన రెండింటికి కారణము, ఆలస్యమైన కాలము, ఆ ఆలస్యము ఎవరిదో కూడ వ్రాసితిని. మా సూపరింటెండెంటు మంచివాడు, నా హితము కోరువాడు. “మంచి పేరుతో వెళ్తున్నారు కదా సార్, ఇదంతా ఇప్పుడెందుకు?” అనెను. మంచి పేరును కూడ అప్పగింపవలసిన వస్తువులలో ఒకటని అతనికి చెప్పితిని. అతడు నవ్వి ఊరకుండెను. అంగీకరించెనో లేదో తెలియదు.

ఇందులో మరియొక ప్రమాదమున్నదని నేనెరుగుదును. నేనెంత పాపిని అని పదిమంది యెదుట గుండె బాదుకొనుటయు అహంకారమే. పాపముతో కూడ పేరు సంపాదించుకొను ఉపాయమది. దోషమును చెప్పవలసినది ఎవరి మీద అది పడినదో వారికి. సరిచేయగలిగినంత సరిచేయవలెను. క్షమను అడుగవలెనే గాని నిర్బంధింపరాదు. అటుపిమ్మట దానిని స్వామి పాదములకడ విడిచి మరునాటి పనికి పోవలెను. ఈ వ్యాసమును చదువుచున్న ఉద్యోగులలో, గృహస్థులలో ఎవరి సొరుగులోనైన అట్టి కాగితమొకటి యుండవచ్చును. ఎవరి ఇంటిలోనైన కారణము తెలియక తమవారినే అనుమానించుకొనుచున్న వారుండవచ్చును. వారి కొఱకే ఇంత వ్రాసితిని.

ఉప్పలు చౌరస్తా నుండి యాదగిరిగుట్టకు బస్సులు బయలుదేరును. అచ్చటి ఆలయ పునర్నిర్మాణమున 2016 నుండి 2022 మార్చి 28న మహాసంప్రోక్షణము జరుగువరకు స్వామి బాలాలయమున వేంచేసి యుండిరి. నేను ఆ సంవత్సరములలో పలుమారులు వెళ్లితిని. అది తాత్కాలిక మందిరమని అర్చకులకు తెలియును, భక్తులకును తెలియును. తాత్కాలికమని నైవేద్యమున ఒక వేళ తప్పలేదు, దీపమున ఒక చుక్క నూనె తగ్గలేదు. స్వామి గర్భాలయమునకు తరలిన దినమున బాలాలయమును విడుచుటకు ఎవరును దుఃఖింపను లేదు. మన పదవులన్నియు బాలాలయములే. అందు జరుగవలసిన కైంకర్యము సంపూర్ణముగా జరుగవలెను. లోపము జరిగినచో ఒప్పుకొని దిద్దుకొనవలెను. కాలము వచ్చినప్పుడు విడువవలెను.

ఆగస్టు ఒకటవ తేదీ ఉదయము, చేత ఏ గుత్తియు లేక, ఆ బస్సెక్కవలెనని నా సంకల్పము. జరిగిన సేవ యేదైన నున్నచో అది ఆ లక్ష్మీనృసింహునిదే. జరిగిన దోషములు నావి. వానిని మన్నించుటయు, నా వలన నొచ్చిన ఆ ఇంటివారిని కాపాడుటయు మాత్రము ఆయన పని.